పదమూడో బుడిపె

లాప్‌టాప్ తెర మీద కంపెనీ గుర్తు ఇలా వచ్చి అలా పోయింది. వెంటనే తెరంతా నల్లబడి, మూలన ఒక తెల్ల వాక్యం నిలబడింది. కంప్యూటరును నడిపించే సిస్టమ్ కనబడటం లేదట. పొద్దున ఎనిమిది నుంచి అదే మాట. ఇప్పటికి నలభైసార్లు చెప్పి ఉంటుంది. మాట మీద అంత నిలకడ మనుషులకుంటే ఈ కథ ఉండేదే కాదు.

బొమ్మలమ్మాయి గోడవైపు వంగి ప్లగ్గు పీకింది, మళ్ళీ పెట్టింది. ఆ లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి మూడేళ్ళయింది. వైరు కూడా ఒక పక్కకు ఎత్తి ఉంచితేనే కరెంటు అందుతుంది, అందుకని దాని కింద దారపు కండె ఒకటి పెట్టారు. పక్కనున్న ఎంబ్రాయిడరీ మిషను అదురుకు కింద పడకుండా మొత్తం లాప్‌టాప్‌ను చెక్కపలకకు రిబ్బనుతో కట్టేశారు. ఇన్ని సేవలు చేయించుకునే ఆ ముసలిదాని కడుపులోనే బొమ్మలమ్మాయి ఆరేళ్ళుగా గీసిన డిజైన్లన్నీ ఉన్నాయి. ఆమె ఎక్కాల్సిన బస్సు నాలుగున్నరకు. గోడ గడియారంలో ఒంటిగంట దాటింది.

అసలు ఆమె ఈ ఇంటికి వచ్చింది ఒక్క సీజను కోసం. పిన్ని వాళ్ళది చిన్న దుకాణం. కింద పని, పైన కాపురం. పన్నెండు సూదుల మిషను ఒకటి పెట్టి, బడిపిల్లల చొక్కాలకు బ్యాడ్జీలు, హోటళ్ళ తువ్వాళ్ళకు అక్షరాలు, డ్రైవర్ల టోపీలకు గుర్తులు కుట్టిస్తారు. ఏ బొమ్మనైనా ముందు లాప్‌టాప్‌లో కుట్టు కుట్టుగా గీస్తేనే మిషనుకు అర్థమవుతుంది. ఆ గీత బొమ్మలమ్మాయికి ఇట్టే పట్టుబడింది. "బడులు తెరిచేదాకా ఉండి సాయం చెయ్ తల్లీ" అన్నాడు బాబాయ్. బడులు తెరిచాక "హోటలు ఆర్డరు అయ్యేదాకా" అన్నాడు. తరవాత టోపీలు వచ్చాయి. టోపీలు అయ్యేసరికి మళ్ళీ బడులు తెరిచారు. బడులు తెరవడం ఎవరైనా ఆపగలరా?

పోనీ బాబాయ్ చెడ్డవాడా అంటే, చెడ్డవాడైతే బతికిపోయేది. కసిరితే ఎదురు తిరగొచ్చు. ఆయన ఏనాడూ గొంతు పెంచలేదు. వెళ్తానన్నప్పుడల్లా చల్లగా నవ్వి, "నిన్నెవరు కట్టేశారమ్మా? మనింటి పిల్లవి, నీ ఇష్టం" అనేవాడు. ఆ వెనకే ఒక ఆర్డరు చెప్పేవాడు. బెల్లం పాకంలో పడ్డ ఈగను చూస్తే ఆ పిల్ల పరిస్థితి తెలుస్తుంది. పైన పాకం తీపే, కింద కాళ్ళు కదలవు.

ఇప్పుడు వేరే ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీవాళ్ళు ఆమె గీసిన రెండు బొమ్మలు చూసి ఉద్యోగం ఇచ్చారు. చేరమన్న తేదీని ఆమె రెండుసార్లు వాయిదా వేయించుకుంది, రెండుసార్లూ బాబాయ్ ఆర్డర్ల కోసమే. మూడోసారి వాళ్ళు తెగేసి చెప్పారు. రేపు పొద్దున తొమ్మిదికి కుర్చీలో కనబడకపోతే, జాబితాలో తరవాతి పేరు పిలుస్తారు. బాబాయ్ కూడా ఒప్పుకున్నాడు. "డిజైన్లన్నీ వరసలో పెట్టి, నా కళ్ళ ముందు ఒక్క బ్యాడ్జి కుట్టించి చూపించు. ఆ తరవాత హాయిగా బస్సెక్కు" అని మాటిచ్చాడు.

రాత్రి పడుకునేముందు కూడా శుభ్రంగా పనిచేసిన లాప్‌టాప్, ఇవాళ పొద్దున్నే నోరు మూసుకుంది.

బాబాయ్ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని టీ తాగాడు. "ఏం చేస్తాం! పోయినవి పోయాయి. గీసిన చెయ్యి నీదే కదా, మళ్ళీ గీద్దువుగానిలే. ఏడాదో, ఏడాదిన్నరో. నిదానంగానే కానియ్" అన్నాడు.

ఏడాదిన్నర అన్న మాటకు బొమ్మలమ్మాయి గడియారం వైపు చూసింది. పిన్ని వైపు చూసింది. పిన్ని ఎదుటి బల్ల దగ్గర గుడ్డను చట్రానికి బిగిస్తోంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ బల్ల దగ్గర అదే పని. తలెత్తకుండానే, "అది చచ్చింది. చచ్చినదాని ముందు కూర్చుని ఏం చేస్తావు? సంచీ తీసుకుని పోవే" అని కసురుకుంది.

పిన్ని ఎప్పుడూ అలా కసరదు. ఇంత పని వదిలేసి పోతోందని పిన్నికీ కోపం వచ్చిందేమో అనుకుని బొమ్మలమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాటిచ్చి, చచ్చిన లాప్‌టాప్ వాళ్ళ మొహాన కొట్టి పోయిందన్న మాట తనకొద్దు. ఎలాగైనా దీన్ని లేపాలి, బ్యాడ్జి కుట్టి చూపించాలి, తలెత్తుకుని గడప దాటాలి. అంతే.

ఊళ్ళో పాత లాప్‌టాప్‌లు బాగుచేసేవాణ్ణి అందరూ డాక్టరనే అంటారు. ఇవాళ ఆయన దుకాణానికి సెలవు. వేరే ఊళ్ళో చుట్టాలింట్లో ఉన్నాడు. ఫోనులోనే వైద్యం మొదలుపెట్టాడు.

"పోయినసారి మీ సొరుగులో ఒక పెన్‌డ్రైవ్ పెట్టి వచ్చాను, ఉందా? అది గుచ్చు. ప్లగ్గు పెట్టి ఆన్ చెయ్. గుర్తు కనబడగానే ఎఫ్ పన్నెండు మీట కొట్టు. బూట్ మెనూ వస్తుంది. అంటే, నేను దేన్ని పట్టుకుని లేవాలమ్మా అని అది నిన్నడుగుతుంది. పెన్‌డ్రైవ్ పట్టుకుని లేవమని చెప్పు. లేచాక లోపల ఏం చెడిందో చూద్దాం."

"ఎఫ్ పన్నెండు లేదండీ."

"లేకపోవడమేంటి? అన్నిటికీ ఉంటుంది."

"మా బాబాయ్ పీకేశారు."

డాక్టరు ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. ఎవరైనా నమ్మే మాటేనా అది!

అది ఆరేళ్ళ కిందటి సంగతి. పిన్ని మోచెయ్యి తగిలి పై వరుసలో ఏదో మీట నొక్కుకుంది. తెర చీకటయింది. ఏ మీటో తెలియక పూటంతా పని ఆగింది. "వాడని మీటలు మనకెందుకు?" అని బాబాయ్ చిన్న పట్టకారు తెచ్చి, ఎడమ చివర నుంచి కుడి చివర దాకా పై వరుస మొత్తం పీకి, ఒక గాజుసీసాలో పోసి, మూత బిగించి అలమరలో పెట్టాడు. పంటినొప్పి అంటే పళ్ళ వరుసంతా పీకే వైద్యం ఆయనది. ఆ సీసా ఇప్పటికీ అక్కడే ఉంది. కొక్కేలు విరిగిన మీటలు మళ్ళీ కూర్చోవు, పారేయడానికి ఆయనకు మనసు రాదు.

"సరే" అన్నాడు డాక్టరు చివరికి. "మీట లేకపోయినా కింద రబ్బరు బుడిపె ఉంటుంది. దాన్ని నొక్కినా అదే పని. పన్నెండోది."

బొమ్మలమ్మాయి ఎడమ నుంచి లెక్కపెట్టింది. పన్నెండో బుడిపె మీద వేలు పెడితే పక్కవి రెండూ కూడా నలుగుతున్నాయి. అగ్గిపుల్లతో నొక్కితే పుల్ల విరిగింది. చివరికి, మొన విరిగి పక్కన పడేసిన మిషను సూది ఒకటి తీసుకుని, దాని లావాటి కొసతో నొక్కింది. సరిగ్గా సరిపోయింది. ప్లగ్గు పీకడం, పెట్టడం, గుర్తు రాగానే నొక్కడం. మళ్ళీ నల్ల తెర, మళ్ళీ అదే వాక్యం. గుర్తు కనబడేది రెండుసార్లు రెప్ప వేసినంతసేపు. ముందు నొక్కిందో, వెనక నొక్కిందో కూడా తెలియదు. అన్నం డబ్బా పక్కన చల్లారిపోయింది. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ, తెరిస్తే పక్కింటి గోడ. ఆరేళ్ళలో ఆ గోడ మీద సున్నం ఎన్ని చోట్ల రాలిందో ఆమెకు నోటికి వచ్చు.

రెండుంబావుకు మళ్ళీ ఫోన్ చేసింది. ఎంత నొక్కినా రావట్లేదంది.

"ఎక్కణ్ణించి లెక్కపెట్టావు తల్లీ?"

"ఎడమ చివర నుంచి."

"అయ్యో! ఆ చివర్న ఉన్నది ఎఫ్ ఒకటి కాదమ్మా, అది ఎస్కేప్. అక్కణ్ణించి లెక్కపెడితే నీకు కావాల్సింది పదమూడోది."

గంటసేపు పక్కింటి తలుపు బాదిందన్నమాట! ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పదమూడో బుడిపె మీద సూది పెట్టి అదిమి పట్టింది. ఈసారి లాప్‌టాప్ కీచుమని అరిచి ఆగిపోయింది.

"అదిమి ఉంచకూడదు" అన్నాడు డాక్టరు. "మీట ఇరుక్కుందనుకుని అరుస్తుంది. చిటికెలు వేసినట్టు టక్ టక్ టక్‌మని కొట్టాలి. గుర్తు రాకముందు నుంచే కొడుతూ ఉండు."

ఎదుటి బల్ల దగ్గర పిన్ని చేతులు ఆగి ఉన్నాయి. ఇటే చూస్తోంది. బొమ్మలమ్మాయి తలెత్తేసరికి మళ్ళీ చట్రం బిగించడం మొదలుపెట్టింది.

మూడూ పదికి, ఎన్నోసారో లెక్క మరిచిపోయాక, నల్ల తెర రాలేదు. నీలం గడి ఒకటి వచ్చింది. అందులో వరసగా పేర్లు. బొమ్మలమ్మాయి గట్టిగా ఊపిరి పీల్చుకుని ఫోనులో చదివింది. "సీడీ. పెన్‌డ్రైవ్. నెట్‌వర్క్."

"హార్డ్ డిస్కు పేరేముంది?"

"లేదు."

"సరిగ్గా చూడు."

"మూడే ఉన్నాయండీ."

"సిస్టమ్ చెడినా డిస్కు పేరైతే కనబడాలే. పూర్తిగా కాలిపోతేనో, ఊడిపోతేనో తప్ప పేరు పోదు. ఒకసారి తిరగేసి చూడు."

ఫోను పెట్టేసి, రిబ్బను విప్పి లాప్‌టాప్ తిరగేసింది. పాత రకం కాబట్టి దాని డిస్కు చిన్న సొరుగులా పక్కకు లాగితే వచ్చేస్తుంది, ఒక్క స్క్రూ తీస్తే చాలు. గుడ్డ పీచు లోపల పేరుకుంటుందని ఈ దుకాణంలో నెలకోసారి ఆ సొరుగు లాగి బ్రష్షుతో దులపడం అలవాటు. నాలుగు రోజుల కిందట తనే దులిపింది. ఇప్పుడు అక్కడ స్క్రూ లేదు. సొరుగూ లేదు. వేలు పెడితే లోపలికి పోయింది.

ఒళ్ళంతా మండిపోయింది ఆమెకు. బాబాయే! ఇంకెవరు? నవ్వుతూ టీ తాగుతూ, ఏడాదిన్నర అంటూ! ఈసారి ఆర్డర్లు కూడా చాలక దొంగతనానికి దిగాడన్నమాట. అడిగెయ్యాలి, మొహమ్మీదే అడిగెయ్యాలి. విసురుగా లేచింది.

లేచిన మనిషి రెండడుగులు వేసి ఆగిపోయింది. పిన్ని బల్ల మీద గుండుసూదులు చెదరకుండా ఉంచే అయస్కాంతం ఒకటుంది. దాని మీద తెల్లగా మెరిసే సూదుల మధ్య ఒక నల్లటి చిన్న స్క్రూ అతుక్కుని ఉంది.

బొమ్మలమ్మాయి ఆ స్క్రూ వైపు చూసింది. పిన్ని ఆమె వైపు చూసింది. చట్రం పక్కన పెట్టింది పిన్ని. మెల్లిగా లేచి, వెనక చేతులు కడుక్కునే చోటికి నడిచింది. బొమ్మలమ్మాయి వెనకే వెళ్ళింది.

పిన్ని కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో చెప్పింది. "నీ సంచిలోనే ఉందే. అడుగున, తువ్వాలు మడతలో. తెల్లారుజామున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు తీశాను."

"ఎందుకు పిన్నీ?"

"ఆ బొమ్మలున్నన్నాళ్ళూ ఆయన నిన్ను వదలడు. అవే లేకపోతే నీతో పనుండదు, పొమ్మంటాడనుకున్నాను." పిన్ని కుళాయి కింద చేతులు రుద్దుకుంది. "మళ్ళీ గీయమంటాడని ఎక్కడనుకున్నాను! నా తెలివి తెల్లారినట్టే ఉంది. పొద్దుటి నుంచి పొమ్మంటున్నానా, పోవేం? చచ్చిందని వదిలేసి పోవచ్చుగా! ఏం మొండిదానివే నువ్వు!"

బొమ్మలమ్మాయికి పొద్దుటి కసురు ఇప్పుడు అర్థమైంది. కోపమనుకుంది. ఎంత మాటనుకుంది! పిన్ని తడిచేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"ఏడవకు. వెనక తలుపు తీసే ఉంది. సంచీ పట్టుకుని అటునుంచి అటే పో."

పోవచ్చు. బస్టాండు పది నిమిషాల నడక. కానీ రేపు డాక్టరు వస్తాడు, తిరగేసి చూస్తాడు, డిస్కు ఎవరో తీశారని ఒక్క ముక్కలో చెప్పేస్తాడు. ఆ ముక్క విన్నాక ఈ ఇంట్లో పిన్ని బతుకు ఎలా ఉంటుంది? బాబాయ్ గొంతు పెంచడు. నవ్వుతూనే అంటాడు, రోజూ అంటాడు, బతికినంతకాలం అంటాడు. ఉంటే తను ఇరుక్కుంటుంది, పోతే పిన్ని ఇరుక్కుంటుంది. అడకత్తెరలో పోకచెక్క ఎటు జరిగితే ఏం లాభం?

"పెట్టేస్తాను పిన్నీ. నీ మీదికి రాకూడదు."

"వద్దే! పెడితే మళ్ళీ మొదటికొస్తుంది. ఆయన సంగతి నీకు తెలీదూ?"

"మాటిచ్చాడుగా."

పిన్ని కుళాయి కట్టేసింది. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి, చేతులు తుడుచుకుని తన బల్ల దగ్గరికి నడిచింది.

సంచి అడుగు నుంచి డిస్కు తీసి, గుడ్డల కట్ట కింద దాచి తెచ్చి, బాబాయ్ అటు తిరిగి టోపీలు లెక్కపెట్టుకుంటున్నప్పుడు సొరుగులోకి తోసింది. అయస్కాంతం మీది స్క్రూ తీసి బిగించింది. ప్లగ్గు పెట్టింది. గుర్తు వచ్చింది, పోయింది, ఆ ముసలిది అయిదు నిమిషాలు మూలిగి లేచి కూర్చుంది. ఆరేళ్ళ బొమ్మలు వరసగా తెర మీదికి వచ్చాయి. బడుల దీపాలు, పుస్తకాలు, నక్షత్రాలు, హోటలు అక్షరాలు.

"బాబాయ్, లేచింది."

బాబాయ్ వచ్చి కూర్చున్నాడు. పడవా నక్షత్రమూ ఉన్న బడి బ్యాడ్జి ఒకటి మిషనుకు ఎక్కించింది. సూదులు దిగాయి. పన్నెండు నిమిషాలు. నీలం అలలు, తెల్ల తెరచాప, చివరికి పసుపు నక్షత్రం. మిషను ఆగింది. పిన్ని దారాలు కత్తిరించి బ్యాడ్జి ఆయన అరచేతిలో పెట్టింది. నాలుగుకు అయిదు నిమిషాలు తక్కువ.

బాబాయ్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. మొహం విప్పారింది. "శభాష్! డాక్టరు చూడందే లేవదనుకున్నాను, నువ్వు లేపేశావు. నీ చేతికి రానిదేముందమ్మా!" అని కాస్త ఆగి, బ్యాడ్జిని జేబులో పెట్టుకుంటూ అన్నాడు. "అదే నా భయం. రేపు ఇది మళ్ళీ మొండికేస్తే, పై వరుసే లేని దీన్ని లేపేవాళ్ళెవరు? నిన్నెవరు కట్టేశారు చెప్పు? ఈ ఒక్క సీజనూ ఉండి, దీని సంగతేదో చూసి..."

చెడిపోతే చెడిపోయినందుకు ఉండాలి, బాగుచేస్తే బాగుచేసినందుకు ఉండాలి. కాలికి వేస్తే మెడకు, మెడకు వేస్తే కాలికి. బొమ్మలమ్మాయి ఏదో అనబోయింది.  కుదరదన్న మాట ఆరేళ్ళుగా రానిది, ఇప్పుడు మాత్రం ఎలా వస్తుంది? చెయ్యి దానంతటదే కుర్చీ వెనక్కి లాగింది, కూర్చోవడానికి.

"లే" అంది పిన్ని.

బొమ్మలమ్మాయి ఇంకా సరిగా కూర్చోనే లేదు. పిన్ని ఆమె భుజం పట్టుకుని పక్కకు జరిపి, ఆ కుర్చీలో తను కూర్చుంది. బల్ల మీది విరిగిన సూది తీసుకుంది. గోడవైపు వంగి ప్లగ్గు పీకింది, పెట్టింది, ఆన్ చేసింది. ఎడమ నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ పదమూడో బుడిపె దగ్గర ఆగింది. గుర్తు ఇంకా రానేలేదు, టక్ టక్ టక్‌మని కొట్టడం మొదలుపెట్టింది.

నీలం గడి వచ్చింది.

బాబాయ్ నోరు తెరిచాడు. "నీకెప్పుడొచ్చింది ఇది?"

"పొద్దుటి నుంచి ఎదురుగానే కూర్చున్నానుగా." పిన్ని తెర మీద వేలు పెట్టి చూపించింది. "ఇవిగో, నాలుగు పేర్లు. నాలుగోది డిస్కు. అది కనబడకపోతే డాక్టరుకు ఫోన్ చేస్తాను. ఉన్న బొమ్మలు నేను కుట్టిస్తాను, కొత్తవి గీయడం నేర్చుకుంటాను. పిల్లను పంపించండి."

"నువ్వా? ఈ వయసులోనా?"

"నేనెక్కడికి పోతాను?" అంది పిన్ని. "సీజను అయ్యాక వెళ్తానని నేనెప్పుడైనా అన్నానా?"

ఆ మాట ఆమె దెప్పుతూ అనలేదు. లెక్క చెప్పినట్టు అంది. బాబాయ్‌కి నవ్వు రాలేదు. జేబులోంచి బ్యాడ్జి తీసి, అటూ ఇటూ తిప్పి, "నిన్నెవరు కట్టేశారమ్మా, వెళ్ళిరా" అన్నాడు నీళ్ళు నములుతూ. ఆ మాట వెనక ఆర్డరు ఏదీ లేకుండా ఆయన అనడం అదే మొదటిసారి.

బొమ్మలమ్మాయి సంచీ భుజానికి వేసుకుని పిన్ని పక్కకు వచ్చి వంగింది. "నువ్వూ వచ్చెయ్ పిన్నీ" అంది చెవిలో. నిజంగానే అంది.

పిన్ని తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇప్పుడు ఏం నొక్కాలే? చెప్పి పో. బస్సు తప్పుతుంది."

"కింది బాణంతో డిస్కు పేరు మీదికి వచ్చి... ఎంటర్ కొట్టు."

పిన్ని కొట్టింది.

బొమ్మలమ్మాయి వీధిలోకి వచ్చింది. మలుపు దాకా పరుగెత్తి, ఆ ముసలిది లేచేదాకా అక్కడే అయిదు నిమిషాలు నిలబడింది. వెనక మిషను చప్పుడు మొదలైంది. సూదులు ఒకసారి తడబడ్డాయి, ఆగాయి, మళ్ళీ అందుకున్నాయి. బస్సు దొరికింది, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. ఊరు దాటేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది. ఆరేళ్ళుగా ఎప్పుడు లేద్దామా అనుకున్న కుర్చీ అది. తను లేచాక అది ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండలేదు.